తెల్లగుడ్డ మీది బొమ్మలు – విద్యార్థుల చర్చలు

మన డయోసిస్ శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గము వారు మమ్మును కోరియున్నారు. దేవాలయముల నిర్మాణమును గూర్చి, పాఠశాలలను, ఆసుపత్రులను గూర్చి, మనకు ముందు పనిచేసిన పెద్దలను గూర్చి వ్రాయుటకు మాకంటె యోగ్యులు పలువురు ఉన్నారు. వారి వ్యాసములు ఈ సంచికలోనే చదువరులకు లభించును. మేము ఎన్నుకొన్న విషయము చిన్నది. ఇందుకూరుపేట వంటి సముద్రతీరపు ఊరిలో, సాయంకాలము పూట గోడకు ఒక తెల్లగుడ్డ కట్టి, హైస్కూలు పిల్లలను కాలేజీ పిల్లలను చాపల మీద కూర్చుండబెట్టి, లోకములోని కష్టసుఖములను ఉన్నవి ఉన్నట్లు చూపు డాక్యుమెంటరీ చిత్రము ఒకటి వేసి, అయిపోయిన పిమ్మట లైట్లు వేసి "ఇప్పుడు మీరు చెప్పండి" అని అడుగుట ఒక పద్ధతి. ఈ పద్ధతి మన ప్రాంతమునకు ఎట్లు వచ్చినది, దాని వలన ఏమి జరిగినది అని విచారించుటయే మా ఉద్దేశము.

తెల్లగుడ్డ మాత్రము మనకు కొత్త కాదు. అమెరికను బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరి పని ఆరంభించారు. ఆ శతాబ్దము చివరకు వచ్చునప్పటికి దేశమంతట మిషనరీల చేతిలో మేజిక్ లాంతరు అను వస్తువు ఒకటి ఉండెడిది. కిరసనాయిలు దీపము ముందు రంగులు వేసిన గాజుపలకను పెట్టినచో గుడ్డ మీద పెద్ద బొమ్మ పడును. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు మొదలైన బొమ్మలు చూపి ఉపదేశము చేసెడివారు. కలరా, మశూచి వంటి జాడ్యములను గూర్చి కూడ ఇదే లాంతరుతో చెప్పెడివారు. బొమ్మ కదలదు. మాట్లాడువాడు ఒక్కడే. వినువారు వందమంది. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకము ఉంచుకొనవలెనని మనవి. తరువాత వంద సంవత్సరముల కథ అంతయు దీని చుట్టే తిరిగినది.

బొమ్మలు ఇటువచ్చినట్లే అటు కూడ పోయినవి. 1876 నుండి 1878 వరకు మదరాసు రాజధానిని పీడించిన గొప్ప కరవులో విల్లోబీ వాలెస్ హూపర్ అను సైనికాధికారి ఆకలితో ఎముకలగూళ్ళయిన మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలు సీమకు పోయినవి. వాటిని చూచి జాలిపడినవారు ఉన్నారు. తీసినవాడు వారికి గంజి పోశాడా అని నిలదీసినవారు కూడ ఆ కాలముననే ఉన్నారు. అదే కరవులో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు ప్రాంతమున బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ పని గుత్తకు పుచ్చుకొని వేలమంది పేదలకు కూలి కల్పించారు. ఆ కాలువయే మన తీరము వెంబడి సాగుచున్నది. మా పిల్లలు రోజును దానిని దాటుచుందురు. బాధను చూపుట ఒక పని, బాధలో ఉన్నవాని చేతికి పార ఇచ్చుట మరొక పని. ఈ రెంటికి నడుమ ఉన్న ఎడము డాక్యుమెంటరీ పుట్టకముందే మన దేశములో ప్రశ్నగా నిలిచినది.

కదలు బొమ్మలు 1896 జూలై 7వ తేదీన బొంబాయి వాట్సన్ హోటలులో మొదట ప్రదర్శింపబడినవి. వాటి రాకను, రఘుపతి వెంకయ్యనాయుడు గారు యంత్రమును వెంటబెట్టుకొని ఊరూర తిరిగిన కథను సినిమా చరిత్రకారులు విస్తారముగ వ్రాసియున్నారు. మేము ఒక్క సంగతి మాత్రము చెప్పి ముందుకు పోయెదము. మన ఇందుకూరుపేట మండలములోని పల్లిపాడులో పెన్నా ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును గాంధీగారు 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. ఆయన జీవితమును గూర్చి ఏ.కె. చెట్టియారు అను తమిళ యాత్రికుడు దేశదేశములు తిరిగి, ఎవరెవరో తీసి దాచుకొన్న ముక్కలను దాదాపు 50,000 అడుగులు సేకరించి, అందులోనుండి ఒక డాక్యుమెంటరీ కూర్చాడు. అది 1940లో తమిళ వ్యాఖ్యానముతోను, తరువాత తెలుగు వ్యాఖ్యానముతోను వెలువడినది. కథానాయకుడు లేని, పాటలు లేని చిత్రమును డబ్బిచ్చి చూడవచ్చునని మన దక్షిణాదివారికి తెలియజేసినవాటిలో అది ముఖ్యమైనది. పల్లిపాడు పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వారికి కలిగిన మొదటి సందేహము "అందులో మా ఊరు ఉందా?" అని. పిల్లలు ఎప్పుడును సరియైన చోటనే చేయి పెట్టుదురు.

స్వరాజ్యము వచ్చిన తరువాత 1948లో కేంద్ర ప్రభుత్వము ఫిలిమ్స్ డివిజన్‌ను స్థాపించినది. ప్రతి సినిమాహాలులోను ప్రతి ఆటకు ముందు ఆమోదము పొందిన వార్తాచిత్రమో డాక్యుమెంటరీయో వేసితీరవలెనని లైసెన్సులో షరతు ఉండెడిది. మా పెద్దల తరమువారు దానిని న్యూస్‌రీలు అనెడివారు. ఆనకట్టలు, ఎరువులు, బి.సి.జి. టీకాలు, వరద బాధితులకు మంత్రిగారి పరామర్శ, చివర క్రికెట్టు. న్యూస్‌రీలు అయిన తరువాత లోపలికి పోదములే అని బయట శనక్కాయలు తినుచు నిలిచినవారు మన జిల్లాలో వేలమంది ఉందురు. నిజమునకు ఆ సంస్థలో ఎస్. సుఖదేవ్, ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి వంటి మంచి దర్శకులు పనిచేశారు. స్వాతంత్ర్యము వచ్చిన ఏడు పుట్టిన యువకులను పలుకరించి శాస్త్రి గారు 1967లో తీసిన 'ఐ యామ్ 20' చిత్రము నేటి విద్యార్థులకు చూపినను పాతబడలేదు. అయినను హాలులో అది పడిన వెంటనే అసలు సినిమా మొదలగును. ఇక ఎవరు ఎవరితో మాట్లాడగలరు?

పల్లెలకు జీపులో ప్రొజెక్టరు పెట్టుకొని వచ్చువారు వేరు. 1953లో పంచవర్ష ప్రణాళికల ప్రచారమునకు ఏర్పడిన విభాగము తరువాత క్షేత్ర ప్రచార విభాగముగా పేరుపొందినది. సాయంత్రము బడి ఆవరణలో తెర కట్టి కుటుంబ నియంత్రణ, పొదుపు, మలేరియా చిత్రములు వేసెడివారు. 2017లో దానిని ఇతర ప్రచార శాఖలతో కలిపివేశారు. ఫిలిమ్స్ డివిజన్ పని కూడ 2022 నాటికి జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయినది.

ఇక్కడ మన సంఘముల సంగతి కొంచెము చెప్పవలెను. సినిమాకు పోవుట పాపమని చాల సంఘములలో బోధ ఉండెడిది. టూరింగు టాకీసు డేరా వైపు కనబడిన యౌవనస్థుని ఆదివారము నాడు పేరుపెట్టి మందలించిన కాపరులు ఉన్నారు. 1978లో 'కరుణామయుడు' విడుదలయినప్పుడు మాత్రము అదే సంఘముల వారు బండ్లు కట్టుకొని వచ్చారు. ఆ చిత్రమును వ్యానులలో ఊరూర త్రిప్పి చూపుట ఎన్నో ఏండ్లు సాగినది. తెర పాపము కాదని, తెర మీద ఏమి వేయుదుము అన్నదే ప్రశ్న అని ఆనాటితో చాలమందికి తెలిసివచ్చినది. ఈ మార్పు మా వంటి వారికి తరువాత ఎంతో ఉపకరించినది. అయినను "కరుణామయుడు అంటే సరి, సారాను గూర్చి, కులమును గూర్చి మందిరపు హాలులో బొమ్మలు ఎందుకు?" అను మాట నేటికిని వినబడుచునే ఉన్నది.

విద్యార్థుల కొరకని ప్రత్యేకముగా జరిగిన ప్రయత్నములు కూడ కొన్ని కలవు. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరము పాటు అమెరికా వారి ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు పంపబడినవి. తెలుగు కూడ అందులోని భాషలలో ఒకటి. ఊరికి ఒక పెట్టె, పగలు బడిపిల్లలకు, రాత్రి పెద్దలకు. 1984 ఆగస్టు 15 నుండి విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారు కాలేజీ విద్యార్థులకు దూరదర్శన్‌లో పాఠములు ప్రసారము చేశారు. ఇవన్నియు మంచి పనులే. కాని మేజిక్ లాంతరు నాటి ఏర్పాటు మారలేదు. ఎక్కడో ఒకరు చెప్పుదురు, ఇక్కడ మనము విందుము.

ఆ ఏర్పాటును తలక్రిందులు చేసినవారు స్త్రీలు. 1980లో బెంగుళూరులో దీపా ధన్‌రాజ్ మొదలైనవారు యుగాంతర్ అను పేర చిత్రములు తీయు బృందముగా ఏర్పడ్డారు. పూనా పనిమనుషులను గూర్చి, నిపాణి పొగాకు కార్మికులను గూర్చి చిత్రములు తీసి 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు మోసికొనిపోయి వారి వాడలలోనే వేసి, చూచినవారిచేత మాట్లాడించెడివారు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వారితో కలసి 1983లో 'ఇది కథ మాత్రమేనా' అను తెలుగు చిత్రమును తయారుచేశారు. అరగంట కూడ లేదు. పెండ్లి అయిన ఒక చదువుకొన్న స్త్రీ ఇంటి నాలుగు గోడల మధ్య పడు బాధ అందలి విషయము. ఆ చిత్రము పేరే ఒక ప్రశ్న గదా. చూచినవారు ఔననియో కాదనియో చెప్పక తప్పదు. తరువాత హైదరాబాదులో 1984లో జరిగిన మతకలహములను గూర్చి దీపా ధన్‌రాజ్ గారు 1986లో తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' కూడ ఇట్టిదే. మతమును గూర్చి మాట్లాడవలెనన్న భయపడు విద్యార్థులకు ఆ చిత్రము నోరు తెరిపించునని దానిని చూపిన అధ్యాపకులు చెప్పగా మేము హైదరాబాదులో వేదాంత విద్య అభ్యసించు దినములలో విన్నాము.

ఇక మన నెల్లూరు జిల్లా విషయమునకు వచ్చెదము. ఈ వ్యాసములో మాకు ముఖ్యమైన భాగము ఇదియే.

1980ల నడుమ ప్రభుత్వము వారుణి వాహిని పేర సారాను ప్యాకెట్లలో నింపి పల్లెపల్లెకు చేర్చినది. రాష్ట్రమునకు ఎక్సయిజు రాబడి 1970–71లో సుమారు 39 కోట్ల రూపాయలు ఉండగా 1991–92 నాటికి అది 800 కోట్లు దాటినది. అదే కాలమున నెల్లూరు జిల్లాలో అక్షరదీపము అను సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమము నడచినది. కళాజాతాల వారు ఊరూర పాటలు పాడి, నాటికలు ఆడి వయోజనులను రాత్రిబడికి పిలిచారు. అక్కడకు వచ్చినవారిలో స్త్రీలే ఎక్కువ. వారి వాచకములో సీతమ్మ కథ అను పాఠము ఉన్నది. త్రాగుడు వలన చెడిన సంసారము కథ అది. కలిగిరి మండలము దూబగుంట స్త్రీలు 1991లో తమ ఊరి సారా అంగడిని మూయించారు. పేరు తెలిసిన నాయకురాలు రోశమ్మ గారు. వారు చేసిన పని "ఆడవాళ్ళు ఏకమైతే" అను పాఠముగా వాచకములోనికి ఎక్కినది. తక్కిన ఊళ్ళ స్త్రీలు ఆ పాఠమును కూడబలుక్కొని చదివి, వారు మూయించగలిగితే మనమేల మూయించలేము అనుకొన్నారు. 1992లో జిల్లా అంతట సారా బండ్లను అడ్డగించారు. ప్యాకెట్లను తగులబెట్టారు. నెల్లూరులో సారా వేలంపాటలు మరల మరల వాయిదాపడినవి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాను నిషేధించారు. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చినది.

చదువరులు గమనించవలసిన సంగతి ఏమనగా, ఇంత పెద్ద ఉద్యమము పుట్టుటకు సినిమా గాని టెలివిజను గాని కారణము కాలేదు. ఒక వాచకములోని పాఠము, దాని మీద రాత్రిబడిలో కూర్చుండి చేసిన చర్చ కారణమయినవి. చిత్రము వెనుక వచ్చినది. నటా దువ్వూరి, శబ్నమ్ విర్మాని గార్లు ఈ ఉద్యమమును గూర్చి 1996లో ఒక డాక్యుమెంటరీ చేశారు. దాని ఇంగ్లీషు పేరుకు అర్థము ఆ పాఠము పేరే: స్త్రీలు ఏకమైనప్పుడు. మన జిల్లా పల్లె స్త్రీలు మన యాసలోనే మాట్లాడు ఆ చిత్రము దేశవిదేశములలో స్త్రీల చరిత్రను చదువువారికి తెలిసినది. మన జిల్లా కాలేజీ పిల్లలలో దానిని గూర్చి విన్నవారు వందకు ఒకరు కూడ ఉండరని మా అభిప్రాయము.

ఇందుకూరుపేటలో మేము పిల్లలకు చిత్రములు చూపు పనికి పూనుకొన్నది కొంతవరకు ఈ కారణము చేతనే. ఏర్పాటు అతి సామాన్యము. ఎరువు తెచ్చిన ప్రొజెక్టరు, ఒక దుప్పటి, రెండు స్పీకర్లు. కరెంటు పోయినచో చర్చ ముందే మొదలగును. మొదట ఎదురయిన చిక్కు భాష. మంచి డాక్యుమెంటరీలు చాలవరకు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండును. అడుగున వచ్చు అక్షరములను పదవ తరగతి పిల్లవాడు చదువుకొనేలోపల అవి మాయమగును. అందుచేత పది నిమిషములకు ఒకసారి చిత్రమును ఆపి తెలుగులో చెప్పసాగాము. పట్టణములో చదివి వచ్చిన మిత్రుడొకరు ఇది చూచి, "ఇట్లు ముక్కలు చేసి చూపితే దర్శకుని శ్రమ వృథా గదా" అని నొచ్చుకొన్నారు. కళాదృష్టితో ఆ మాట నిజమే. కాని ఆపిన ప్రతిసారి ఎవరో ఒకరు ఏదో ఒకటి అనుచుండిరి. చివరి వరకు ఆగినచో అందులో సగము మాటలు పుట్టవు. కొంతకాలమునకు ఇంటరు చదువు అమ్మాయి ఒకతె మైకు పుచ్చుకొని మాకంటె చక్కగా చెప్పసాగినది. నాటినుండి ఆ పని పిల్లలదే.

రెండవ చిక్కు ఆడపిల్లల మౌనము. మగపిల్లలు నలుగురు లేచి మాట్లాడినంతసేపు వీరు తలలు వంచుకొని కూర్చుందురు. చిన్న కాగితపు ముక్కలు పంచి పేరు లేకుండ ప్రశ్న వ్రాయుడని చెప్పగా, ఆ కాగితములలో వచ్చిన ప్రశ్నలు మమ్ములను నివ్వెరపరచినవి. ఒకదానిలో "పెండ్లి ఆపమని ఎవరికి చెప్పాలి?" అని మాత్రము ఉన్నది. దానిని చదివి మడిచి జేబులో పెట్టుకొని, తరువాత చేయవలసినది చేసితిమి. ఆ సంగతి ఇక్కడ విస్తరించము.

సారా ఉద్యమపు చిత్రమును చూపిన సాయంత్రము జరిగినది చెప్పవలెను. బోర్డింగులో వంట చేయు పెద్దమ్మ ఒకామె, కలిగిరి వైపునుండి వచ్చినామె, గుమ్మము దగ్గర నిలబడి చూచినది. తెర మీద స్త్రీలు గుంపుగా పోయి అంగడి మూయించగానే పిల్లలందరు చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు. లైట్లు వేసిన తరువాత మేము అడగకుండగనే అన్నది: "ఈ బొమ్మలో చూపించింది సగమేనయ్యగారా. అంగడి మూయించి ఇంటికి పోయినాక ఆ రేత్రి మొగుళ్ళు ఏం చేసినారో ఇందులో యాడుంది?" హాలు నిశ్శబ్దమయినది. ఒక చిన్నపిల్ల, "మరి మళ్ళీ ఎందుకు పోయినారు పెద్దమ్మా?" అని అడిగినది. "మరుసటిదినం మళ్ళీ అంగడి తెరిసినారు గదమ్మా" అని ఆమె ఎంతో సామాన్యముగా చెప్పి పొయ్యి మీద అన్నము ఉన్నదని లోపలికి పోయినది.

తరువాత మైపాడు వైపు పిల్లవాడు ఒకడు లేచాడు. వాని తండ్రి చేపలవేటకు పోవువాడు. "మా నాయన తాగుతాడు. ఈ సినిమాలో తాగేవోళ్ళందరినీ దొంగల మాదిరి చూపించినారు. తెల్లారుజామున అల మీద పడవ దాటించేటప్పుడు ఆ చలి ఎట్లుంటాదో తీసినోళ్ళకు తెల్దు" అన్నాడు. వాని మాటకు కొందరు నవ్వగా మేము నవ్వవద్దన్నాము. పెద్దమ్మ మాటయు నిజమే, ఈ పిల్లవాని మాటయు నిజమే. రెంటిని ఒకే చాప మీద కూర్చుండబెట్టుటకు తప్ప వేరు ప్రయోజనమునకు ఈ ప్రదర్శనలు మాకు అక్కరలేదు.

అన్నిటికంటె కష్టమయిన ప్రశ్న చివర వచ్చినది. గెలిచినారని చిత్రము చెప్పుచున్నది, మరి మన సెంటరులో మందుషాపు ఎట్లున్నది? చిత్రము 1996 నాటిది. 1997లో ప్రభుత్వము మద్యనిషేధమును ఎత్తివేసినది, ఖజానాకు రాబడి చాలదని. అటు తరువాత 2019లో ప్రభుత్వమే దుకాణములు నడిపినది. 2024లో మరల ప్రైవేటువారి చేతికి పోయినవి. ఈ సంవత్సరములన్నియు నల్లబల్ల మీద వ్రాసి, మీరేమందురు అని పిల్లలను అడిగాము. ఓడిపోయినట్లే అని మగపిల్లలు చాలమంది అన్నారు. ఇంగ్లీషు మైకు అమ్మాయి ఒప్పుకొనలేదు. "మా అమ్మ చెవుల కమ్మలు ఆ రెండేండ్లలో చేయించుకొన్నవే. ఇప్పటికీ పెట్టుకొని ఉంది. అది ఓటమి ఎట్లా అవుతాది?" అన్నది. చరిత్ర పుస్తకములు వ్రాయువారు మద్యనిషేధము విఫలమయినదని ఒక్క వాక్యములో తేల్చివేయుదురు. ఆ వాక్యమును గూర్చి మాకు అప్పటినుండి అనుమానము కలిగియున్నది.

మన తీరమునకు మరింత దగ్గరి విషయము రొయ్యల గుంటలు. 1990 తరువాత నెల్లూరు తీరమున వరిపొలములు, ఉప్పునేలలు గుంటలుగా మారినవి. 1994, 1995లలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి ఎందరో అప్పులపాలయినారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, జగన్నాథన్ గారు అను సర్వోదయ కార్యకర్త వేసిన వ్యాజ్యములో, తీరప్రాంత నియంత్రణ పరిధిలోని గుంటలను తొలగించవలసినదని తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు తీరప్రాంత జలసేద్య ప్రాధికార చట్టము చేసి లైసెన్సుల మార్గము తెరచినది. ఈ విషయమును చర్చకు పెట్టినప్పుడు మా పిల్లలు ఒక పని చేశారు. సెల్‌ఫోనుతో తామే తొమ్మిది నిమిషముల చిత్రము తీశారు. బిందెలతో దూరమునుండి మంచినీళ్ళు తెచ్చు స్త్రీలు, గుంటల మీద రాత్రి కాపలా ఉండు యానాది కుటుంబము, ఐసుపెట్టెలతో లారీ, అంతే. వ్యాఖ్యానము లేదు.

అది వేయునప్పుడు చిన్న అలజడి కలిగినది. సంఘములో చందాలు ధారాళముగ ఇచ్చు ఒక పెద్దమనిషికి గుంటలు ఉన్నవి. ఆయన మా వద్దకు వచ్చి, "చదువుకొనే పిల్లలకు ఇవన్నీ ఎందుకయ్యగారా? వాళ్ళ ఫీజులు ఈ గుంటల మీదనే గదా కట్టేది" అన్నారు. అబద్ధము కాదు. హాలులోని పిల్లలలో సగముమంది ఇండ్లకు కూలి అక్కడినుండే వచ్చుచున్నది. మీరును వచ్చి కూర్చుండి ఈ మాటయే పిల్లలకు చెప్పండి అని పిలిచాము. వచ్చారు. వ్యాధి తగిలిన ఏడు తాను ఎంత పోగొట్టుకొన్నదియు, పొలము ఎట్లు తాకట్టు పడినదియు గంటసేపు చెప్పారు. మైకు తీసికొనకుండ మాట్లాడారు. పిల్లలు ఆయనను మంచినీళ్ళ సంగతి అడిగారు. ఆయన జవాబు చెప్పలేదు గాని కోపగించుకొనలేదు. మరుసటి నెల కూడ వచ్చి వెనుక బెంచీ మీద కూర్చున్నారు.

మన రాష్ట్రములలో ఈ మార్గమున ఎంతో ముందు నడచినవారు ఉన్నారు. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో దక్కను అభివృద్ధి సంస్థకు చెందిన దళిత స్త్రీలు, బడి ముఖము చూడనివారు, కెమెరా పట్టుట నేర్చుకొని వరంగల్లు రైతుల బి.టి. ప్రత్తి కష్టములను ఏండ్ల తరబడి చిత్రించారు. అనుమతుల చిక్కులు కూడ ఈ చరిత్రలో భాగమే. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టము ప్రకారము బహిరంగ ప్రదర్శనకు సర్టిఫికెట్టు ఉండవలెను. బొంబాయి చిత్రోత్సవములో భారతీయ డాక్యుమెంటరీలకు మాత్రము అది తేవలెనన్నప్పుడు దర్శకులు ఎదురుతిరిగి 2004లో వికల్ప్ పేర వేరే ప్రదర్శనలు జరుపుకొన్నారు. సర్టిఫికెట్టు ఉన్నంత మాత్రమున చాలదనుటకు ఆనంద్ పట్వర్ధన్ గారి 1992 నాటి 'రామ్ కే నామ్' సాక్ష్యము. సెన్సారు సర్టిఫికెట్టు, జాతీయ బహుమతి రెండును ఉన్న ఆ చిత్రమును 2019 ఆగస్టులో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు వేయబోగా పోలీసులు ఆపి కొందరిని పట్టుకొనిపోయారు. ఆ చిత్రముతో ఏకీభవించవచ్చును, విభేదించవచ్చును. విద్యార్థి చూచిన తరువాతనే గదా ఈ రెంటిలో ఏదైనను చేయగలడు. మా వరకు మేము ప్రతి ప్రదర్శనకు ముందు హెడ్మాస్టరు గారికి, తల్లిదండ్రులకు చిత్రము పేరు, విషయము చెప్పి పంపుచున్నాము. దాని వలన జనము తగ్గలేదు.

ప్రస్తుతము మా ముందున్న చిత్రము 'ఇది కథ మాత్రమేనా'. యుగాంతర్ వారి పాత ఫిలిములను ఇటీవలి సంవత్సరములలో బెర్లిన్‌లోని ఆర్సెనల్ అను సంస్థ బాగుచేసి డిజిటల్ రూపమునకు తెచ్చినది. నలుబది ఏండ్ల క్రిందటి తెలుగు మాట చెడకుండ వినబడునట్లు చేశారు. దీనికి ఇంగ్లీషు చదివి చెప్పు పని లేదు. మగపిల్లలను ఆడపిల్లలను కలిపి కూర్చుండబెట్టి చూపవలెనా, వేరువేరుగా చూపవలెనా అను విషయమున రెండు ఆదివారములు మాటలు జరిగినవి. కలిపియే చూపవలెనని ఆడపిల్లలు కాగితముల మీద వ్రాసి ఇచ్చారు, ఈసారి పేర్లతో. సంఘ పెద్దలు ఇంకను ఒప్పుకొనలేదు. ముందుగా తాము చూచి చెప్పెదమని స్త్రీల సమాజము వారు అన్నారు. వచ్చే శుక్రవారము ప్రార్థన అయిన తరువాత వారికి వేయుచున్నాము.